దీపస్తంభమును చూచిన యాత్రికుడు

ఒంటెలమీదను, గుర్రములమీదను, ఓడలమీదను లోకమును చుట్టివచ్చిన పూర్వ యాత్రికులలో ఇబన్ బటూటా మిక్కిలి ప్రసిద్ధుడు. ఆతడు సుమారు 30 సంవత్సరములు సంచారము చేసి, లక్ష కిలోమీటర్లకు పైబడిన దూరము పయనించెనని పండితులు లెక్క కట్టియున్నారు. ఢిల్లీ నగరమున ఖాజీ పదవిని వహించినందున ఆతని పేరు మన దేశ చరిత్రను చదువువారికెల్ల పరిచితమే. అయినను అంతటి యాత్రికుడు కూడ ఇల్లు విడిచిన క్రొత్తలో నడిదారిలో కంట తడిపెట్టిన యువకుడే. ఆ యువకునకు దూరదేశములపై చూపు మరలించినది సముద్రతీరమందలి ఒక మహానగరము. ఆ నగరము ఈజిప్టు దేశములోని అలెగ్జాండ్రియా.

ఇబన్ బటూటా క్రీ. శ. 1304 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, ఆఫ్రికా ఖండమునకు వాయవ్యమూలనున్న మొరాకో దేశమున, టాంజియర్ అను రేవుపట్టణమున జన్మించెను. ఆతని వంశమున పలువురు ఖాజీలుగా నుండిరి. ఖాజీలనగా ఇస్లాము ధర్మశాస్త్రము ననుసరించి తీర్పులు చెప్పు న్యాయాధికారులు. ఇబన్ బటూటాయు ఆ శాస్త్రమునే అభ్యసించెను. 1325 జూన్ 14 వ తేదీన, 21 సంవత్సరముల ప్రాయమున, ఆతడు మక్కాయాత్రకై ఇల్లు వెడలెను. వెంట స్నేహితుడు లేడు. కలిసి పోవుటకు బిడారు లేదు. అప్పటికి తలిదండ్రులిరువురును జీవించియుండిరి. వారిని విడిచిపోవుట ఆతనికి ఎంతయు దుఃఖము కలిగించెను. అయినను పుణ్యక్షేత్రమును చూడవలెనను కోరిక ఆ దుఃఖముకంటె బలమైనదయ్యెను. ఒకటి రెండు సంవత్సరములలో తిరిగి రావచ్చునని ఆ తలిదండ్రులు తలపోసియుందురు. ఆతడు తిరిగి వచ్చుటకు 24 సంవత్సరములు పట్టెను.

ప్రయాణారంభముననే కష్టములు ప్రాప్తించినవి. బిజాయా అను పట్టణమున ఆతనికి తీవ్రమైన జ్వరము తగిలెను. కోలుకొనువరకు అచ్చటనే నిలువుమని తోడివారు హితవు చెప్పిరి. మరణము తప్పనిచో పుణ్యక్షేత్రము వైపు పోవు దారిలోనే మరణింతునని చెప్పి ఆతడు ముందునకే సాగెను. కొంతదూరము పోయిన పిమ్మట నీరసముచే జీనుమీద నిలువలేక, క్రింద పడుదునేమోయని తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొనెను. దారిలో దొంగల భయముండుటచే దిగి విశ్రమించుటకును వీలు లేకపోయెను.

ఆ బాటసారులు ట్యూనిస్ నగరమును సమీపింపగా, నగరవాసులు ఎదురువచ్చి తమ తమ బంధుమిత్రులను కౌగిలించుకొని కుశలప్రశ్నలు చేసిరి. ఇబన్ బటూటాను పలుకరించినవారు ఒక్కరును లేరు. ఆతనిని ఎరిగినవారే ఆ నగరమున లేరు. ఒంటరితనమును ఓర్చుకొనలేక ఆతడు బిగ్గరగా ఏడ్చెను. అది గమనించిన ఒక యాత్రికుడు దగ్గరకు వచ్చి ప్రియముగా పలుకరించి, నగరము చేరువరకు మాటలతో ఊరట కలిగించెను. ఆ పలకరింపు ఇబన్ బటూటాకు జీవితాంతము జ్ఞాపకమున్నది. ముసలితనమున తన యాత్రాకథను చెప్పునప్పుడు సుల్తానుల సభలను వర్ణించిన నోటితోనే దానిని గూర్చియు చెప్పెను. ట్యూనిస్‌నుండి మక్కాకు పోవు యాత్రికుల బిడారు ఒకటి బయలుదేరగా, చదువుకొన్నవాడగుటచే ఆ బిడారునకు ఆతనినే ఖాజీగా నియమించిరి. ఏడ్చుచు ట్యూనిస్ చేరిన యువకుడు, తగవులు తీర్చు పెద్దగా అచ్చటినుండి బయలుదేరెను.

ఇల్లు విడిచిన సుమారు పదినెలలకు, 1326 ఏప్రిల్ 5 వ తేదీన, ఇబన్ బటూటా అలెగ్జాండ్రియా చేరెను. గ్రీకు చక్రవర్తియగు అలెగ్జాండరు క్రీ. పూ. 331 లో స్థాపించిన నగరమది. నైలునది సముద్రమున కలియు ప్రదేశమునకు పడమట, మధ్యధరా సముద్రపుటొడ్డున అది వెలసియున్నది. మన మలబారు తీరమున పండిన మిరియాలు మొదలగు సుగంధద్రవ్యములు అరేబియా సముద్రమును, ఎర్రసముద్రమును దాటి, నైలునదిమీదుగా ఆ రేవునకు చేరెడివి. వెనిస్, జెనోవా నగరముల వర్తకులు వానిని కొని, తమ ఓడలలో ఐరోపా ఖండమునకు తీసికొనిపోయెడివారు. కనుక అలెగ్జాండ్రియా తూర్పు పడమరల సరకులు ఒకచోట చేరు పెద్దసంతవంటిది.

క్రొత్త నగరమున అడుగిడినవారు సాధారణముగా అంగళ్లను చూచి, కోటను చూచి, తృప్తి పడుదురు. ఇబన్ బటూటా అట్లు తృప్తి పడువాడు కాడు. ఆతడు ప్రతి వింతను దగ్గరకు పోయి చూచును, దాని కొలతలను తెలిసికొనును, స్థానికులను అడుగును. ఆ నగరమునకు నాలుగు ద్వారములుండెను. పడమటి దేశములనుండి వచ్చు బాట రేగుచెట్టు పేర పిలువబడు ద్వారమువద్ద ముగియును. రెండవది రషీదు ద్వారము. మూడవది సముద్ర ద్వారము. నాలుగవది పచ్చ ద్వారము. ఈ నాలుగవ ద్వారమును శుక్రవారమున మాత్రమే తెరచెడివారు. ఆ దినమున జనులు దానిగుండ వెడలి, గతించిన తమవారి సమాధులను దర్శించి వచ్చెడివారు. ఇట్టి చిన్న విషయములను సైతము ఆతడు మనసున నిలుపుకొనెను.

ఆ నగరమునకు వన్నె తెచ్చినది అచ్చటి దీపస్తంభము. క్రీ. పూ. 280 ప్రాంతమున ఈజిప్టును పాలించిన గ్రీకు రాజుల కాలమున అది నిర్మింపబడెను. దాని ఎత్తు 100 మీటర్లకు పైబడియుండునని చరిత్రకారుల అంచనా. రాత్రివేళ దాని శిఖరమున వెలుగు మంటను ఆనవాలుగా పెట్టుకొని నావికులు ఓడలను రేవునకు చేర్చెడివారు. ప్రాచీనులు దానిని లోకమందలి ఏడు వింతలలో ఒకటిగా లెక్కించిరి. 1,600 సంవత్సరములు అది గాలికిని, అలలకును ఎదురు నిలిచెను. కాని భూకంపములకు తట్టుకొనలేకపోయెను. ఇబన్ బటూటా పుట్టుటకు కొన్ని నెలల ముందు, 1303 ఆగస్టులో వచ్చిన గొప్ప భూకంపము దానిని మిక్కిలి దెబ్బతీసెను.

నగర ప్రాకారముచెంతనుండి సముద్రములోనికి నాలుకవలె చొచ్చుకొనిపోయిన ఇరుకైన నేలమీద, మూడు మైళ్ల దూరమున, ఎత్తైన దిబ్బపై ఆ స్తంభముండెను. ఇబన్ బటూటా అచ్చటికి పోయి చూడగా దాని నాలుగు ముఖములలో ఒకటి కూలియుండెను. అయినను లోపలికి పోవుటకు వీలుండెను. ద్వారము నేలమట్టమున గాక చాల ఎత్తున నుండెను. ద్వారమున కెదురుగా అంతే ఎత్తుగల మరియొక కట్టడముండెను. ఆ కట్టడమునుండి ద్వారమునకు చెక్కపలకలు పరచియుండిరి. ఆ పలకలను తీసివేసినచో లోపలికి పోవుటకు వేరుదారి లేదు. శత్రువులను ఆపుటకు అంతకంటె సులువైన ఉపాయము మరేమి కావలెను! ద్వారము లోపల కావలివానికి చోటుండెను. అటుపైన అనేకమైన గదులుండెను. లోపలి నడవ వెడల్పు తొమ్మిది జానలు. గోడ మందము పది జానలు. స్తంభపు ఒక్కొక్క ముఖము వెడల్పు 140 జానలు. అనగా ఒక్కొక్క వైపు సుమారు 30 మీటర్లు. ఈ లెక్కలను ఆతడు ముప్పది ఏండ్ల తరువాత కూడ చెప్పగలిగెను.

నగరమునకు వెలుపల ఖర్జూరపు తోటల నడుమ మరియొక వింత యుండెను. అది ఎఱ్ఱని రాతితో మలచిన మహాస్తంభము. చెట్లన్నిటికంటె ఎత్తుగా, ఒకే రాతితో చెక్కిన కంబము పెద్దపెద్ద రాళ్ల అరుగుమీద నిలిచియుండెను. దానినెవరు నిలిపిరో, ఎట్లు నిలిపిరో ఆనాటివారికి తెలియదు. క్రీ. శ. 300 ప్రాంతమున రోమను చక్రవర్తి డయొక్లీషియను గౌరవార్థము దానిని నిలిపిరని ఇప్పుడు మనకు తెలియును. ఇబన్ బటూటా గ్రంథమున దానిని గూర్చి ఒక వినోదకథ చేరియున్నది. ఒకనాడు ఒక విలుకాడు ఆ స్తంభముపై కూర్చుండియుండగా చూచి జనులు విస్తుపోయిరట. ఆతడు దారము కట్టిన బాణమును స్తంభము మీదుగా ఆవలివైపునకు వేసి, ఆ దారముతో గట్టి త్రాటిని లాగి, దానిని పట్టుకొని ఎగబ్రాకెనట. ఆ స్తంభము నేటికిని అలెగ్జాండ్రియాలో చెక్కుచెదరక నిలిచియున్నది.

కట్టడములను చూచుటతోనే ఆతని కుతూహలము తీరలేదు. ఆ నగరమందలి పండితులను, సాధువులను కూడ ఆతడు దర్శించెను. వారిలో బుర్హానుద్దీన్ అను వృద్ధ సాధువు ఒకడు. ఆతడు కుంటివాడు. ఇబన్ బటూటా ఆయన ఇంట మూడు దినములు అతిథిగా నుండెను. ఒకనాడు ఆ సాధువు ఇబన్ బటూటా ముఖము చూచి, నీకు దేశసంచారమనిన ప్రీతి కలదని గ్రహించితినని చెప్పెను. ఆతడు ఔననెను. అప్పటికి మక్కా తప్ప మరియొక దూరదేశపు తలంపు ఆతనికి లేదు. సాధువు మరల మాటాడి, హిందూదేశమున తన సోదరుడు ఫరీదుద్దీన్‌ను, సింధుదేశమున రుక్నుద్దీన్‌ను, చీనాదేశమున బుర్హానుద్దీన్‌ను కలిసికొన్నప్పుడు వారికి తన నమస్కారములను అందజేయుమని కోరెను. కాలు కదల్చలేని వృద్ధుడొకడు, లోకపు అంచులవరకు పోయి రమ్మని పనిపెట్టుట యువకునకు ఆశ్చర్యము గొలిపెను. ఆ దేశములకు పోవలెనను కోరిక ఆ క్షణముననే ఆతని మనసున నాటుకొనెను. సెలవు తీసికొనునపుడు సాధువు దారిఖర్చునకై కొన్ని వెండినాణెములను ఇచ్చెను. ఇబన్ బటూటా వానిని ఖర్చు చేయక ప్రాణప్రదముగా దాచుకొనెను.

అలెగ్జాండ్రియానుండి ఆతడు కైరో, డమాస్కస్ నగరముల మీదుగా మక్కా చేరెను. యాత్ర ముగిసినది, ఇక ఇంటికి మరలవచ్చును. కాని ఆతడు మరలలేదు. ఇరాకు, పారశీకము, తూర్పు ఆఫ్రికా తీరము, ఆసియా మైనరు, మధ్య ఆసియా మైదానములు తిరిగి, 1333 సెప్టెంబరులో సింధునది యొడ్డునకు చేరెను. ఢిల్లీలో అప్పుడు ముహమ్మదు బిన్ తుగ్లకు ఏలుచుండెను. 1323 లో కాకతీయ ప్రతాపరుద్రుని ఓడించి ఓరుగల్లును వశపరచుకొన్న సేనకు నాయకుడు ఈతడే, అప్పటికాతడు యువరాజు. ఆ సుల్తాను ఇబన్ బటూటాను ఢిల్లీకి ఖాజీగా నియమించి, కొన్ని సంవత్సరముల పిమ్మట చీనా చక్రవర్తివద్దకు రాయబారిగా పంపెను.

అట్లు పోవుచు ఆతడు మలబారు తీరమున కాలికట్టు రేవును చూచెను. చీనాదేశపు పెద్ద ఓడలు 13 అచ్చట లంగరు వేసియుండెను. అలెగ్జాండ్రియా రేవుతో సరితూగు రేవులు లోకమున నాలుగే యని ఆతడు తరువాత నిర్ణయించెను. ఆ నాలుగింటిలో కొల్లము, కాలికట్టు అను రెండును మన దేశమువే. మిగిలినవి నల్లసముద్రపు ఒడ్డునగల సుదాక్, చీనాదేశమందలి జైతూన్. తాను తొలుత చూచిన మహానగరమే ఆతనికి జీవితాంతము కొలబద్దయైనది.

కాలికట్టులో ఆతనికి గొప్ప ఆపద సంభవించెను. సుల్తాను పంపిన కానుకలతో నిండిన ఓడ తుఫానున చిక్కి పగిలిపోయెను. అందున్నవారు పలువురు మరణించిరి. శుక్రవారపు ప్రార్థనకై ఇబన్ బటూటా ఒడ్డున నిలిచియుండుటచే బ్రదికెను. ఆతని సొంత సామానుగల మరియొక ఓడ ఆతనిని విడిచి సాగిపోయెను. పది నాణెములును, పరచుకొనుటకు ఒక తివాచీయును మాత్రమే ఆతనికి మిగిలెను. మరికొంతకాలమునకు పశ్చిమతీరమున ఓడదొంగలు పైబడి, ఒంటిమీది బట్టలలో ఒక్కటి తప్ప సర్వము దోచుకొనిరి. అలెగ్జాండ్రియా సాధువు ఇచ్చిన వెండినాణెములును, బుఖారా నగరమున సమాధులపైనుండి వ్రాసికొన్న శాసనముల ప్రతులును ఆ దోపిడిలోనే పోయినవి. అయినను ఆతడు ప్రయాణము మానలేదు. మాల్దీవులు, సింహళము, వంగదేశము, సుమత్రా దాటి చీనా చేరెను. సాధువు పేర్కొన్న మువ్వురను మూడు దేశములయందును కలిసికొని, ఆ నమస్కారములను అందజేసితినని ఆతడు చెప్పుకొనెను.

1348 లో ఆతడు మరల డమాస్కస్ నగరమునకు వచ్చెను. అచ్చట టాంజియర్ వాసియొకడు కనబడి, ఆతని తండ్రి 15 సంవత్సరముల క్రిందటనే మరణించెననియు, తల్లి మాత్రము జీవించియున్నదనియు తెలిపెను. ఆ సంవత్సరముననే మహమ్మారి ఆ దేశములన్నిటిని తుడిచివేయుచుండెను. అలెగ్జాండ్రియాలో ఒక్కదినమున 1,080 మంది మరణించిరని ఆతడు వినెను. మక్కాను మరల దర్శించి, 1349 లో స్వదేశమునకు మరలిపోవుచు, ఆతడు ఆ దీపస్తంభమును చూడబోయెను. మొదటిసారి చూచి 23 సంవత్సరములు గడచినవి. ఇప్పుడు ద్వారమువరకు ఎక్కుటకు కూడ వీలులేనంతగా అది శిథిలమైయుండెను. ఆతడు కొలతలు చెప్పిన నడవలోనికి పోవుట ఇక ఎవరికిని సాధ్యము కాదు. దానికి బదులుగా ప్రక్కనే వేరొక స్తంభమును ఈజిప్టు సుల్తాను కట్టింపనారంభించి, పూర్తికాకమునుపే మరణించెను.

అచ్చటినుండి ఆతడు ఇంటిదారి పట్టెను. స్వదేశమున తాజా అను పట్టణము చేరునప్పటికి, తల్లియు మహమ్మారివాత పడి మరణించినదని తెలిసెను. పడి పోవుచున్న స్తంభమును ఆతడు సకాలమున చూడగలిగెను, కన్నతల్లిని చూడలేకపోయెను. టాంజియర్ పోయి ఆమె సమాధిని మాత్రము దర్శించెను. లోకమంతయు చూచినవాడు చెల్లించిన మూల్యము అట్టిది.

తరువాత ఆతడు స్పెయిను దేశమును, సహారా ఎడారికి ఆవలనున్న మాలి రాజ్యమును కూడ చూచివచ్చెను. అంతట మొరాకో సుల్తాను ఆతని అనుభవములను గ్రంథస్థము చేయింప నిశ్చయించి, ఇబన్ జుజయ్ అను పండితుని లేఖకునిగా నియమించెను. ఇబన్ బటూటా చెప్పుచుండగా ఆ పండితుడు వ్రాసెను. 1355 డిసెంబరులో ఆ కథనము ముగిసెను. ఆతడు చెప్పినదానిలో అధికభాగము జ్ఞాపకశక్తిపై ఆధారపడినదే. అందుచేత తేదీలలో పొరపాట్లు కలవు. కొన్ని వర్ణనలు పూర్వ గ్రంథములనుండి గ్రహింపబడినవి. కొన్ని దేశములకు ఆతడు నిజముగా పోయెనా యని సందేహించు పండితులును కలరు. అయినను 14 వ శతాబ్దపు లోకమును అంత విస్తారముగా చూపు గ్రంథములు అరుదు. ఇబన్ బటూటా మొరాకోలో ఒక పట్టణమునకు ఖాజీగా శేషజీవితమును గడపి, 1369 ప్రాంతమున మరణించెనని చెప్పుదురు.

అలెగ్జాండ్రియా దీపస్తంభము తరువాతి కాలమున పూర్తిగా కూలిపోయెను. 1477 లో ఖైత్‌బే అను సుల్తాను అదే చోట కోటను కట్టించెను. ఆ కోటను నేటికిని చూడవచ్చును. 1994 లో పరిశోధకులు ఆ కోట సమీపమున సముద్రగర్భమునకు దిగి, అడుగున పడియున్న పెద్ద పెద్ద రాళ్లను, శిల్పములను కనుగొనిరి. వానిలో కొన్ని ఆ స్తంభమునకు చెందినవని వారు తలంచిరి.

రాళ్లు నీటి అడుగున నున్నవి. నడవ వెడల్పు, గోడ మందము, పలకల వంతెన, కావలివాని చోటు మాత్రము ఒక పుస్తకములో నిలిచియున్నవి. ఇరువది రెండేండ్ల యువకుడొకడు ఒకనాడు ఆ నేలనాలుకపై మూడు మైళ్లు పోయి, వానిని శ్రద్ధతో చూచి, మరువక చెప్పుటచేతనే అవి మనకు దక్కినవి.